కదలని ఎనిమిది అంగుళాలు

2001 ఆగస్టు. అరకు లోయలో వాన ఆగితే పొగమంచు, పొగమంచు విడితే వాన. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి, విశాఖపట్నంలో శీతల పరికరాలు అమ్మే ఒక చిన్న సంస్థలో సర్వీసు ఇంజనీరుగా చేరి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ మా సీనియర్ వెనకాల స్పానర్లు మోసుకుంటూ తిరిగినదాన్నే. ఆ నెల ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. దాంతో ఒక లిక్విడ్ నైట్రోజన్ ఫ్రీజర్ బిగించే పని మీద మొట్టమొదటిసారి నన్ను ఒక్కదాన్నే పంపారు. అరకు దాటి నాలుగు మైళ్ళు లోపలికి వెళితే, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే పశువుల కేంద్రం ఉండేది. అక్కడికి.

ఫ్రీజర్ వ్యానులో, నేను వ్యాను ముందు సీట్లో, ఘాట్ రోడ్డు వంపులన్నీ తిరిగి చేరేసరికి మధ్యాహ్నమైంది. గేటు దగ్గర డాక్టర్ అప్పలనాయుడు గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం ఆయనది. పశువైద్యుడిగా ఏజెన్సీలో పదిహేనేళ్ళు తిరిగిన మనిషి. వ్యానులోకి తొంగి చూసి, డ్రైవరుని అడిగారు.

"ఇంజనీరు గారేరీ?"

"నేనే సార్. మార్త."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పక్కనున్న మనిషితో నవ్వుతూ అన్నారు. "ఏటిరా దొంబూ, ఇంజనీరుని పంపమంతే గుంటని పంపేరు!"

గుంటంటే వాళ్ళ వైపు ఆడపిల్ల. దొంబు నవ్వలేదు. యాభై దాటిన గిరిజనుడు, సన్నగా, నిటారుగా ఉన్నాడు. ఆ కేంద్రంలో పశువుల వీర్యాన్ని నిలవ ఉంచే పాత నైట్రోజన్ డబ్బాలను పన్నెండేళ్ళుగా చూసుకుంటున్నది అతనే. చేతిలో నల్లరంగు వేసిన వెదురు బద్ద ఉంది. దాని మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి, అంగుళానికొకటి.

"గుంటైతే ఏటి బాబూ, పని వచ్చా లేదా అదీ సూడాల," అన్నాడు. అది నన్ను వెనకేసుకు రావడమో, పరీక్ష పెట్టడమో నాకు తెలియలేదు.

ఈ ఫ్రీజర్ ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి. మన ఇళ్ళలో ఫ్రిజ్‌లాగా దీనికి కంప్రెసర్ ఉండదు. థర్మాస్ ఫ్లాస్కులాగా రెండు గోడలున్న పెద్ద స్టీలు గంగాళం అనుకోండి. అడుగున ద్రవరూపంలో ఉన్న నత్రజని ఉంటుంది. సున్నాకు దిగువన నూట తొంభై ఆరు డిగ్రీల దగ్గర అది మరుగుతూనే ఉంటుంది. మరుగుతుంది కనక రోజూ ఎంతో కొంత ఆవిరైపోతుంది. తగ్గినప్పుడల్లా పక్కనున్న సప్లై సిలిండర్ నుంచి మళ్ళీ నింపాలి. ఆ పని మనిషి చేయనక్కర లేకుండా చేసేది కంట్రోలర్. ఫ్రీజర్ అడుగు దాకా దిగిన సన్నని గొట్టం ఒకటి లోపల ద్రవం ఎంత లోతుందో ఒత్తిడిని బట్టి దానికి చెబుతుంది. ఆరు అంగుళాలకు పడిపోతే వాల్వు తెరుచుకోవాలి, పదికి చేరితే మూసుకోవాలి. ఆ ఆరూ, పదీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించి, ఉష్ణోగ్రత సెన్సర్లు సరిచూసి అప్పగించడమే నా పని.

అందులో దాచబోయేది కొండబాబు అనే ఎద్దు వీర్యం. కొండబాబు పొట్టి కొండజాతి ఎద్దు. ఏటవాలు పొలాల్లో కాలు జారకుండా దున్నే జాతి. బయటి నుంచి తెచ్చిన పెద్ద ఎద్దులు ఆ వాలుల మీద నిలబడలేక చతికిలబడ్డాయట. చుట్టుపక్కల గూడేల వాళ్ళందరూ కొండబాబు దూడే కావాలని వచ్చేవాళ్ళు. ఆ ఎద్దు అంతకు ముందు ఏడాది వేసవిలో పాముకాటుకు పోయింది. మిగిలినవి మూడు వందల చిల్లర స్ట్రాలు. స్ట్రా అంటే వీర్యం నింపి మూతులు మూసిన అగ్గిపుల్లంత సన్నని గొట్టం.

"ఇవి పోతే కొండబాబు మళ్ళీ చచ్చిపోయినట్టే," అన్నారు డాక్టరు గారు.

మర్నాడు పని మొదలుపెట్టగానే ఒక చిక్కు వచ్చింది. ఉష్ణోగ్రత సెన్సర్‌ని ద్రవ నత్రజనిలో ముంచితే మైనస్ నూట తొంభై ఆరు చూపాలి. అది నూట తొంభై ఏడు చూపించింది. సెన్సర్ మార్చాను, ఏడే. వైర్లు విప్పి మళ్ళీ బిగించాను, ఏడే. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క డిగ్రీ వెంటపడ్డాను. విశాఖలో ఇదే సెన్సర్ నూట తొంభై ఆరు చూపడం నా కళ్ళతో చూశాను. కొండెక్కేసరికి దీనికేమొచ్చిందో అర్థం కాలేదు.

దొంబు కిరసనాయిలు స్టవ్ మీద టీ పెడుతున్నాడు. నీళ్ళు అప్పుడే తెర్లుతున్నాయి.

"అప్పుడే మరిగిపోయాయా బాబాయ్?" అన్నాను.

"ఇక్కడ నీళ్ళు బేగి మరుగుతాయమ్మా. పప్పే బేగి ఉడకదు. మా అమ్మాయి నర్సీపట్నంలో వండితే పప్పు మెత్తగా అయిపోద్ది. ఇక్కడికొచ్చి వండితే పలుకు పలుకే."

స్పానర్ కింద పెట్టేశాను. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఇది తొమ్మిదో తరగతి పాఠం. మా నాన్న మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారు, నాకు ఆ పాఠం చెప్పింది ఆయనే. నీళ్ళకున్న న్యాయమే నత్రజనికీ ఉంటుంది కదా! మూడు వేల అడుగుల ఎత్తులో అది ఒక డిగ్రీ కిందనే మరుగుతుంది. సెన్సర్ తప్పు చూపడం లేదు. ఒప్పు చూపుతున్నదాన్ని నేను ఒక పూటంతా దిద్దబోయాను.

నవ్వుకుంటూ దొంబుకి చెప్పాను. అతనికి లెక్క అర్థమైందో లేదో గాని, తన పప్పు వల్ల మిషను బాగుపడిందని మాత్రం ఆ సాయంత్రం డాక్టరు గారికి రెండుసార్లు చెప్పాడు.

మూడో రోజు ఫ్రీజర్ నిండింది. పాత డబ్బాల్లోంచి స్ట్రాలన్నీ ఇందులోకి మార్చాం. కొండబాబు స్ట్రాలను తీసుకోవడానికి వీలుగా ఉంటాయని పై అరలో పెట్టించింది నేనే. పాత డబ్బాల్లో ఒకటి కారుతోంది. మరమ్మతు చేయించి నింపి తెమ్మని రెండింటినీ వ్యానులో కిందికి పంపేశారు. డాక్టరు గారిని రెండు గంటలు కూర్చోబెట్టి కంట్రోలర్ గురించి చెప్పాను. ఏ బొత్తాం ఎందుకో, ఏ దీపం వెలిగితే ఏం చేయాలో ఆయన పుస్తకంలో రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే జి.మాడుగులలో టీకాల క్యాంపు ఉందని వెళ్ళిపోయారు. రెండు రోజులు ఫ్రీజర్ తీరు చూసి వెళ్ళమని మా ఆఫీసు చెప్పింది కాబట్టి నేను ఉండిపోయాను.

ఆ రెండు రోజులూ నాకు సంతోషంగా గడిచాయి. కంట్రోలర్ మీద ఎర్రటి అంకె: ఎనిమిది అంగుళాలు. పొద్దున చూస్తే ఎనిమిది, మధ్యాహ్నం చూస్తే ఎనిమిది. నా డైరీలో "మట్టం స్థిరంగా ఉంది, చాలా బాగుంది" అని రాసుకున్నాను. పై సెన్సర్‌లో ఉష్ణోగ్రత మాత్రం కొంచెం కొంచెంగా పైకి వస్తోంది. మైనస్ నూట ఎనభై ఆరు ఉండేది, నూట డెబ్భై ఎనిమిదైంది. అందుకు కారణం నాకు ఎదురుగానే కనిపించింది. దొంబు రోజుకు నాలుగైదుసార్లు మూత తీసి వెదురు బద్ద ముంచుతున్నాడు.

"బాబాయ్, ఇంక ఆ కర్రతో పని లేదు. మిషనే చూసుకుంటుంది. మూత తీస్తే చలి పోతుంది."

"అలాగేనమ్మా," అన్నాడు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ మూత దగ్గరే ఉన్నాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ అలవాటు, పోనీలే అనుకున్నాను. లెక్క ఎంత వచ్చిందని మాత్రం అడగలేదు. మిషను ఉండగా కర్రను ఎందుకు అడగడం?

శుక్రవారం పొద్దున డాక్టరు గారు తిరిగొచ్చారు. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టారు. మధ్యాహ్నం విశాఖ వెళ్ళే ప్యాసింజరుకి బయల్దేరాలి. నేను బ్యాగు భుజాన వేసుకునే వేళకు దొంబు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఎల్తన్నావా అమ్మా?"

"అవును బాబాయ్. అంతా బాగుంది కదా."

"బాగునేదు. నైట్రోజన్ మూడంగులాలే ఉంది."

డాక్టరు గారు కంట్రోలర్ వైపు చూశారు. "ఎనిమిది అని సూపిత్తంది కదరా?"

"అది నిన్నా ఎనిమిదే, మొన్నా ఎనిమిదే. కర్ర మొన్న ఏడు సూపింది, నిన్న అయిదు, ఇయాల మూడు. మిషను అబద్దమాడతంది బాబూ."

నాకు చెవులు వేడెక్కాయి. సంతకమైన కాగితం నా చేతిలోనే ఉంది. "కర్రని లోపల సరిపడా సేపు ఉంచి ఉండవు బాబాయ్. తొందరగా తీస్తే మంచు సరిగ్గా పట్టదు," అన్నాను.

అతను మూత తీసి బద్దను నిలువుగా దించి, పెదవులు కదుపుతూ ముప్ఫై దాకా లెక్కపెట్టాడు. బయటికి తీసి గాలిలో అటూ ఇటూ ఊపాడు. ద్రవంలో మునిగినంత మేర నల్లరంగు మీద తెల్లగా నూగు పేరుకుంది. మూడో గాటు దగ్గర ఆగిపోయింది.

కిటికీ అవతల, పశువుల్ని కట్టే చెక్క బోను దగ్గర జమున అనే రైతు తన ఎర్రావుతో నిలబడి ఉంది. ఆవు ఎదకొచ్చిందని తెల్లవారుజామునే గూడెం నుంచి నడిపించుకొచ్చింది. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. "డాక్టరు బాబూ, కొండబాబుదే ఎయ్యాల, మరోటి ఒద్దు," అని కేకేసింది.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. గొంతు మారలేదు గాని ఆయన మొహంలో రంగు లేదు. "మార్తా, ఏది నమ్మమంటావు?"

నేను డైరీ తెరిచాను. నా చేతిరాత నన్ను వెక్కిరించింది. స్థిరంగా ఉంది, చాలా బాగుంది. సప్లై సిలిండర్ మీది కొలత చూశాను. మూడో రోజు ఎంతుందో అంతే ఉంది. రెండు రోజుల్లో వాల్వు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు, ఒక్క చుక్క కూడా కొత్తగా రాలేదు. మరి రాత్రీ పగలూ మరిగే ద్రవం తగ్గకుండా ఎలా ఉంటుంది? ఎనిమిది నుంచి ఏడున్నరకైనా రావాలి కదా! కదలకపోవడం బాగుండటం కాదు, అదే జబ్బు. నా చదువంతా పెట్టి రెండు రోజులు ఆ జబ్బునే మెచ్చుకున్నాను.

పై సెన్సర్ చూస్తే మైనస్ నూట అరవై ఒకటి. ఇంకొంత పైకొస్తే పై అరలో ఉన్న కొండబాబు స్ట్రాలకు ప్రమాదం మొదలవుతుంది. పాత డబ్బాలు ఇంకా కొండ కిందే ఉన్నాయి. వాటిలోకి మార్చుదామన్నా దారి లేదు.

"సార్, కర్రే నిజం. తప్పు నాది," అన్నాను. ఆ మాట అనడం అంతకుముందు ఎంత భయపడ్డానో అంత కష్టం కాలేదు.

చేత్తో నింపే బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కితే కంట్రోలర్ ప్రమేయం లేకుండా నత్రజని వస్తుంది. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరో చెప్పాలి. కిటికీలూ తలుపులూ బార్లా తెరిచాం. నత్రజని ఆవిరి గదిలో నిండితే ఊపిరాడదు. నేను బొత్తాం దగ్గర, దొంబు మూత దగ్గర, డాక్టరు గారు సిలిండర్ కొలత దగ్గర నిలబడ్డాం. ముందు వేడి వాయువు బుస్సుమంటూ వచ్చింది. తరవాత గొట్టం తెల్లబడి, ద్రవం దిగుతున్న గలగల వినిపించింది. నేను లోపల ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను.

"అయిదు," అన్నాడు దొంబు. కాసేపటికి, "ఏడు." డాక్టరు గారు సిలిండర్ చూసి, "సరిపోద్దా?" అని నన్నడిగారు. సరిపోతుందన్నాను. "తొమ్మిది… ఆగమ్మా, నెమ్మదిగా… సాలు, సాలు!"

పది అంగుళాలు. కంట్రోలర్ మీద మాత్రం ఇంకా ఎనిమిదే! పట్టరాని నవ్వొచ్చింది నాకు. డాక్టరు గారూ నవ్వారు. దొంబు ఒక్కడే గంభీరంగా ఆ ఎర్రటి అంకెను చూసి, "దీనికి సిగ్గునేదు," అన్నాడు.

ప్రమాదం గట్టెక్కింది. కారణం ఇంకా తేలలేదు. టార్చి వేసి లోపలికి చూస్తే ద్రవంలో తెల్లటి పొడి తేలుతోంది. నత్రజనిలో పొడి ఉండదు. అది నీటి మంచు. ఆ నీళ్ళెక్కడివి? దొంబు చేతిలో బద్ద చూశాను. దాని మీద పట్టిన నూగు కరిగి తడిసి ఉంది. ఆ పొగమంచులో ఏదీ ఆరదు. అదే తడి బద్దను రోజుకు నాలుగైదుసార్లు ముంచుతున్నాడు, పైగా ప్రతిసారీ శుభ్రంగా కడిగి మరీ. పాత డబ్బాల్లో పన్నెండేళ్ళు అలాగే చేశాడు. వాటిలో గొట్టం లేదు కాబట్టి ఏమీ కాలేదు. ఈ ఫ్రీజర్‌లో ఆ మంచు గొట్టం మూతికి పట్టి బిగుసుకుపోయింది. మట్టం ఎనిమిది ఉన్నప్పుడు లోపల చిక్కుకున్న వాయువే కంట్రోలర్‌కి రెండు రోజులుగా ఎనిమిది, ఎనిమిది అని చెబుతోంది.

కర్ర వల్లే గొట్టం మూసుకుంది, ఆ సంగతి బయటపెట్టిందీ కర్రే. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. తడి తగలకూడదని అతనికి నేను చెప్పలేదు. ఆ గొట్టం అక్కడుందన్న సంగతే చెప్పలేదు. రెండు గంటల పాఠం జి.మాడుగుల వెళ్ళిపోయే మనిషికి చెప్పాను. పక్కనే ఉండి మూత తీసే మనిషికి "కర్రతో పని లేదు" అన్న ఒక్క మాట చెప్పాను.

గొట్టం పై కొసను కంట్రోలర్ నుంచి ఊడదీసి, సప్లై సిలిండర్‌లోని పొడి వాయువును రబ్బరు ట్యూబుతో నెమ్మదిగా దానిలోకి పంపాను. మొదట ఏమీ కాలేదు. తరవాత అడుగున గుడగుడమని బుడగలొచ్చాయి. తిరిగి కంట్రోలర్‌కి తగిలించాను. అంకె ఒక్కసారి సున్నాకు పడి, అక్కణ్ణుంచి ఎక్కింది. అయిదు, ఏడు, తొమ్మిది, పది. దొంబు పొడిగుడ్డతో బద్దను తుడిచి, స్టవ్ దగ్గర ఆరబెట్టి, ముంచి చూపించాడు. పదో గాటు.

"ఇప్పుడు నిజం సెప్తంది," అన్నాడు.

ఇంకొక్కటి మిగిలింది. పై అర అంతసేపు వేడెక్కింది కదా, కొండబాబు స్ట్రాలు బతికున్నాయా? డాక్టరు గారు ఒక స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచారు. కొస కత్తిరించి ఒక్క చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. నేను గోడకి ఆనుకున్నాను. ఆయన పక్కకి జరిగి, "సూడమ్మా," అన్నారు.

అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. వెలుతురు నిండిన ఒక వృత్తంలో వేల సన్నని తోకలు కొట్టుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కడికో పనున్నట్టు పరుగెడుతున్నాయి. ఏడాది కిందట చచ్చిపోయిన ఎద్దువి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి లెన్సు మసకబారింది. నా తరవాత దొంబు చూశాడు. తల పైకెత్తకుండానే, "ఒరే కొండబాబూ," అన్నాడు మెల్లగా.

జమున ఆవుకి ఆ పూటే ఎక్కించారు. ఇంత ఆలస్యమేమిటని ఆమె డాక్టరు గారిని దులిపేసింది. ఆయన నా వైపు చూపించి, "ఈ ఇంజనీరమ్మ వల్లే," అన్నారు. అది అబద్ధం కాదు కాబట్టి నేను ఒప్పుకున్నాను.

ప్యాసింజరు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దొంబు ఇంట్లో చోడి అంబలి అనే రాగిజావా, వెదురుకొమ్ముల కూరా తిన్నాను. మర్నాడంతా అతనితో కూర్చున్నాను. గొట్టం ఎక్కడుంటుందో గీసి చూపించాను. బద్ద ముంచడం మానెయ్యమనలేదు. రోజుకొక్కసారి, పొగమంచు విడిచాక, పొడిగా ఉన్న బద్దతో కొలవాలి. కంట్రోలర్ అంకె పక్కన ఆ లెక్క రాయాలి. రెండూ అంగుళం తేడా వస్తే గొట్టం ఊదాలి. ఊదడం అతనే మూడుసార్లు చేశాడు. మూడోసారి నాకన్నా వేగంగా చేశాడు. అతనికి తెలుగు రాయడం అంతంతమాత్రం, అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు. సంతకమైన కాగితాన్ని చింపేసి కొత్తది రాశాను. దాని మీద డాక్టరు గారి సంతకం కింద దొంబు సంతకం కూడా పెట్టించాను.

తరవాతి వేసవిలో డాక్టరు గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. జమున ఆవు కోడెదూడని ఈనింది, గంట తిరక్కుండానే వాలు మీద పరుగెత్తి తల్లిని కంగారు పెట్టింది అని రాశారు. ఫ్రీజర్ గురించి ఒక్క వాక్యం: "దొంబూ మిషనూ ఇప్పుడు సఖ్యంగా ఉంటున్నారు."

ఆ తరవాత ఎన్నో ఫ్రీజర్లు బిగించాను. రక్తనిధుల్లో, ప్రయోగశాలల్లో, పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో. ఎక్కడికి వెళ్ళినా ఆఫీసు గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పెద్ద డాక్టరుగారు స్వయంగా కాగితం, కలం తీసుకుని సిద్ధంగా ఉంటారు. ఆయనకు నమస్కారం పెట్టి, ముందు ఒక ప్రశ్న అడుగుతాను.

"దీని మూత రోజూ తీసేది ఎవరండీ? వాళ్ళని పిలిపించండి, మొదలుపెడదాం."